ఎండదిబ్బకి పాత చుట్టాలు

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడచెట్ల మధ్య, ఎండదిబ్బ అని ఓ ఇసుక లంక ఉంది. చలికాలం వచ్చిందంటే చాలు, మంచుకొండల అవతలి నుంచి మంగతాయారు అనే పెద్దబాతు తన మందను వెంటేసుకుని వచ్చి అక్కడే దిగేది. పన్నెండేళ్ళుగా ఇదే తంతు. దారిలో ఎన్ని చెరువులు కనబడినా ఆవిడ చూపు తిప్పేది కాదు. దిగగానే దక్షిణపు ఒడ్డున స్నానం, ఆపైన నాచు ఫలహారం, ఎండ నడినెత్తికొచ్చాక దిబ్బ మధ్య గుంటలో రెల్లుకి వీపు పెట్టి అందరూ ఒక్కసారే నిద్ర. కాపలా ఎవరూ ఉండరు. చుట్టూ లోతు నీళ్ళుంటే ఎవడొస్తాడని ఆవిడ ధీమా.

ఆ సంగతి కడుపులో దాచుకున్నా బాగుండేది. నిరుడు తిరుగు ప్రయాణానికి ముందు, గట్టు మీద గవర్రాజు అనే నక్క వినయంగా చేతులు కట్టుకుని, "ఏటా అక్కడికే వత్తారు, అంత సుఖం ఏముందండీ అక్కగారూ?" అని అడిగింది. ఈవిడ నీళ్ళ మీద తేలుతూ పూసగుచ్చినట్టు అంతా చెప్పేసింది. ఏ వేళకు తింటారో, ఎటు తిరిగి పడుకుంటారో కూడా వదల్లేదు. తరచూ వెళ్ళే చోటు గురించి ఎవరైనా అడిగితే కొందరికి నోరు ఆగదు మరి.

ఈ ఏడు దారిలో ఎదురుగాలి కొట్టి ఆవిడ మొగుడు పేరయ్య రెక్క బెణికింది. ఎలాగో దిబ్బ మీద దిగాడు గానీ, రెండు రోజుల దాకా మళ్ళీ ఎగరలేడు.

"మన చోటికి వచ్చేశాం కదండీ, ఇంక దిగులెందుకు?" అంది మంగతాయారు.

అంతలో దిబ్బ మీదే కాపురముండే తీతువు పిట్ట, నూకాలు, పరుగున వచ్చింది.

"ఇయ్యేడు ఇక్కడ దిగకూడదు వదినా. మొన్న వరదకి పడమటి పాయ ఇసుక మేటేసి పూడిపోయింది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఎవడైనా నడిచి రావచ్చు."

"పన్నెండేళ్ళ నుంచి వస్తున్నానే. నాకు తెలియని దిబ్బా ఇది?"

"నువ్వు ఏడాదికి మూడు నెలలుంటావు. మిగతా తొమ్మిది నెలలూ ఉండేది నేను."

"ఆకు కదిలినా అరిచేదానివి. నీ మాట పట్టుకుంటే మాకు నిద్రెక్కడిది?"

"పోనీ, రెల్లు వెనక్కెళ్ళి ఓసారి చూసిరా."

"చూసిన చోటు మళ్ళీ చూసేదేమిటి?" అని మంగతాయారు, మొగుణ్ణి ముందు కాసేపు కూర్చోబెడదామని గుంట వైపు నడిచింది. నూకాలు నొచ్చుకుంది, అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

గుంట దగ్గరికి రాగానే పేరయ్య ఆగిపోయాడు.

"మంగా," అన్నాడు గొంతు తగ్గించి. "గాలి లేదు. రెల్లు ఒక్కచోటే కదులుతోంది. తలతిప్పి చూడకు."

ఆవిడ ఓరకంట చూసింది. రెల్లు మొదళ్ళలో ఓ జత చెవులు, వాటి కింద గవర్రాజు కళ్ళు. తను చెప్పిన వేళ కోసం, తను చెప్పిన చోటే వాడు కాచుకుని కూర్చున్నాడు. మొగుణ్ణి తన నోటితోనే వాడికి అప్పగించినట్టయిందని సిగ్గుపడింది.

"మీరంతా ఎగిరిపోండి," అన్నాడు పేరయ్య.

"మేం రెక్క విప్పామంటే వాడు మీ మీదకి దూకుతాడు. మనం నిద్రపోయేదాకా ఆగుదామని చూస్తున్నాడు. నిరుడు నేనేగా చెప్పాను, అందరం ఒక్కసారే పడుకుంటామని. నా మాట నమ్మే వచ్చాడు. ఇంకాసేపు నమ్మనిద్దాం."

వెంటనే గొంతు పెంచింది. "ఏవండీ, స్నానం కాకుండా ఏనాడైనా పడుకున్నామా? ముందు స్నానం, ఫలహారం కానివ్వండి. ఆ తర్వాత ఇక్కడే పడుకుందాం."

పేరయ్య ఎగరలేడు గానీ ఈదగలడు. నీళ్ళు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. పరుగెత్తితే వాడికి తెలిసిపోతుంది. అందుకని పేరయ్య పండక్కొచ్చిన అల్లుడిలా తాపీగా అడుగులేశాడు. అతనికీ రెల్లుకీ మధ్య మంగతాయారు నడిచింది. మిగతా బాతులు ఎప్పట్లాగే ప్రయాణం కబుర్లు చెప్పుకుంటూ కదిలాయి. నూకాలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంది.

సగం దూరం వెళ్ళేసరికి వెనక రెల్లు గలగలమంది. గవర్రాజు మూతి బయటికొచ్చింది.

"గుంటలో రెల్లు పక్క చోటు నాదే సుమా," అంది మంగతాయారు, వెనక్కి తిరగకుండానే. "నిరుటిలాగే అక్కడే పడుకుంటాను."

గవర్రాజు లొట్టలేసుకుంటూ మూతి లోపలికి లాక్కున్నాడు. ఇంకా పదడుగులు. ఇంకా ఐదు. పేరయ్య పొట్టకి నీళ్ళు తగిలాయి. అప్పుడు కూడా ఎవరూ తొందరపడలేదు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు తేలుతూ లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయారు.

ఎండ నడినెత్తికొచ్చింది. పన్నెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, వస్తారులే అని గవర్రాజు కదలకుండా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. విసుగెత్తి లేచి చూసేసరికి పడమటి పాయలోకి పోటు నీరు ఉరవడిగా ఎక్కేసింది. కాలు పెట్టి చూసి, బెదిరి వెనక్కి తీసుకున్నాడు. దాహం వేస్తే తాగడానికి చుట్టూ ఉప్పునీళ్ళే.

"పడుకునే వేళయిందండీ అక్కగారూ," అని కేకేశాడు. "ఎండ బాగుందండి, రండి."

"ఆయ్, బాగుంటుందండి," అంది మంగతాయారు. "పొద్దుగూకేదాకా మీరే కాచుకోండి తమ్ముడుగారూ."

తర్వాత పక్కన వాలిన నూకాలు వైపు తిరిగింది. "నిన్ను తేలిగ్గా మాట్లాడాను. తప్పయిపోయిందే."

"వచ్చే ఏడు రారా ఇంక?"

"రాకుండా ఉండగలనా? గాల్లో ఉండగానే నిన్ను అడుగుతాను. నువ్వు దిగమంటేనే దిగుతాను."

దిబ్బ మీద రెల్లు తప్ప చెట్టు నీడన్నది లేదు. గవర్రాజు నాలుక బయటపెట్టి, కాలే ఇసుక మీద ఓ కాలు మార్చి ఓ కాలు వేస్తూ, నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయా అని చూస్తూ నిలబడ్డాడు.

నీతి: ఎన్నిసార్లు వెళ్ళిన చోటైనా సరే, అక్కడే బతికేవాళ్ళని అడిగాకే కాలు మోపాలి.