కంటికి ఎన్ని రెట్లు?

నమ్మనని అనదలచినవాళ్ళు ఇప్పుడే అనేయండి. చివర్లో గొణిగితే ఒప్పుకోను. ఇది నా కళ్ళతో చూసింది. అవి మామూలు కళ్ళనుకునేరు! ఒకప్పుడు తెర మీద రాలే గుండ్లను ఒక్కొక్కటే లెక్కపెడుతూ, రెప్ప వేయకుండా పదకొండు గంటలు ఆడిన కళ్ళు.

కాకినాడలో దాట్ల పేర్రాజుగారికి వీడియో గేముల పార్లరు ఉండేది. మెషీన్లలో ఆయన విప్పి చూడని తరం లేదు. హీరో అంటే పట్టుమని పది చదరాలైనా లేక, ముక్కు ఎక్కడుందో మనమే ఊహించుకోవలసిన రోజుల నుంచి, ఆ ముక్కు మీద చెమటబొట్టు మెరిసే రోజుల దాకా అన్నీ ఆయన చేతుల మీదుగా నడిచినవే. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం మాత్రం ఆయన అలవాటు కాదు. అడిగినవాడి చేతిలో కంట్రోలర్ పెట్టేవారు.

ఒక మధ్యాహ్నం పార్లరులో కొత్త తరం మెషీన్ దిగింది. శిష్యుడు కిరీటి పాత మెషీన్‌ను గోనెసంచిలో పెడుతూ అడిగాడు: "గురువుగారూ, బొమ్మ గీసే బలం పాతదానికి ఐదు రెట్లని అంకెలు చెబుతున్నాయి. మరి కంటికి ఎన్ని రెట్లంటారు?"

పేర్రాజుగారు నోరు విప్పేలోగా టైలరు నూకరత్నమ్మ సంచి మూతి పట్టుకుంది. మధ్యాహ్నం కుట్టు మిషను ఆపి, ఇక్కడ కారు రేసులు ఆడిపోవడం ఆవిడకు తొమ్మిదేళ్ళ అలవాటు.

"ఎక్కడికయ్యా దీన్ని మోసుకుపోతున్నావ్?"

"పాతసామాన్ల కొట్టుకి పిన్నీ. ఇందులో చెట్టు చెట్టులా ఉండదు, అప్పడంలా ఉంటుంది."

"అప్పడమో, వడియమో! నా వేళ్ళకు తెలిసిన మెషీన్ అదొక్కటే. అది పోయిందా, నేనీ గుమ్మం తొక్కను."

గురువుగారు సంచి విప్పించారు. ఒకే రేసు, ఒకే సముద్రపు రోడ్డు. కిరీటి కొత్త మెషీన్ మీద, నూకరత్నమ్మ పాతదాని మీద. మూడు చుట్లు. ముందు గీత దాటినవాళ్ళ మాటే చెల్లుతుంది. నేను దిగితే ఇక పోటీయే ఉండదు కనుక మర్యాదగా పక్కకు తప్పుకున్నాను.

అబ్బో, ఏమి రేసది! నూకరత్నమ్మ మలుపు తిప్పిన ఊపుకు నా భుజం మీది కండువా లేచి ఫ్యానుకు చుట్టుకుంది. అయినా మూడో చుట్టులో కిరీటిదే ముందంజ. ఇంకొక్క మలుపు తిరిగితే గీత. సరిగ్గా అక్కడ రోడ్డు పక్కన గడ్డి కనిపించింది.

పోలిక అంటే కిరీటికి బొమ్మను ఆపి, పెద్దది చేసి చూడటమే. కొత్త మెషీన్ వీడియోల మీద నెలల తరబడి అదే పని చేసిన వేలు, అతణ్ణి అడగకుండానే ఆట ఆపేసింది.

"చూడండి గురువుగారూ! పోచ పోచకీ వేరే నీడ! ఆ కొసన మంచుబొట్టు చూడండి, అందులో నా కారు కనిపిస్తోంది! పిన్నీ, నీ తెర మీద గడ్డి చూసుకో, పచ్చరంగు పూసిన రేకు!"

నూకరత్నమ్మ తల తిప్పలేదు. రేకు పక్కనుంచే రివ్వున పోయి గీత దాటింది. ఆ తరువాత తీరుబడిగా ఇటు తిరిగి, "రేసుకొచ్చావా, గడ్డి కోతకొచ్చావా నాయనా?" అంది.

కిరీటి లబలబలాడాడు. "నేను ఆపినప్పుడు నా ఆటలో గడియారం కూడా ఆగింది కదా! తెర మీద చూడండి, పిన్ని కంటే నా సమయమే తక్కువ!"

"నీ గడియారం ఆగింది సరే, నేను ఆగానా?"

కిరీటి పాత మెషీన్ తీగలను తన చేతులతోనే మళ్ళీ గోడకు తగిలించి, సంచి మడిచి, కాసేపటికి నెమ్మదిగా అడిగాడు: "ఇంతకీ కంటికి ఎన్ని రెట్లో చెప్పనే లేదు గురువుగారూ."

పేర్రాజుగారు కొత్త మెషీన్ మీద అప్పుడే వాలిన దుమ్మును ఉఫ్ఫని ఊదారు.

"గడ్డికి ఐదు రెట్లూ అక్షరాలా నిజం నాయనా. మలుపు మాత్రం ఉన్నచోటే ఉంది."

ఇందులో ఒక్క ముక్కైనా కల్పితమనిపిస్తే, ఆ రేసుకు గీత దగ్గర తీర్పరిగా కూర్చున్న కళ్ళజోళ్ళ కొట్టు మీరావలిని అడగండి.