కలుసుకున్న మర్నాడు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక ఈతచెట్టు. ఆ చెట్టు మీద పసిడయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో అంతటివాడు లేడని పేరు. ఆ పేరు పెట్టుకుంది కూడా అతనేనని గిట్టనివాళ్లు అనేవారు.

గిజిగాళ్లలో ఒక పద్ధతి ఉంది పిల్లలూ. మగపిట్ట సగం గూడు అల్లి, రెక్కలు టపటపలాడిస్తూ పాడుతుంది. ఆడపిట్ట వచ్చి, లోపల దూరి, పోచపోచా లాగి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. అప్పుడు మగపిట్ట మిగతా సగం అల్లి, లోపల తడిమన్ను మెత్తాలి. ఆ బరువుంటే గూడు గాలికి గింగిరాలు తిరగదు. అల్లిక అందరికీ కనబడుతుంది. మన్ను ఎవరికీ కనబడదు. అందుకే మన పసిడయ్యకు మన్నంటే మహా చిరాకు.

పోయిన వానల్లో గరికమ్మ అనే ఆడపిట్ట అతని గూడు మెచ్చి వచ్చింది. ఆమె ఇలా గుడ్లు పెట్టిందో లేదో, మహానుభావుడు పక్క ఈతమట్టకు ఇంకో గూడు మొదలుపెట్టాడు. గాలివాన వచ్చింది. మన్ను లేని గూడు తిరగబడి గుడ్లన్నీ వాగులో పడ్డాయి. గరికమ్మ ఏడుస్తూ పిలిచింది.

"ఉండుండు, ఈ గుమ్మం ఎంత బాగా కుదిరిందో చూడు!" అన్నాడు పసిడయ్య.

ఆమె చూడలేదు. అవతలి ఒడ్డున ఉన్న తుమ్మచెట్టుకు వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక గానీ ఆమె మీద ఎంత ప్రేమ ఉందో అయ్యగారికి తెలియలేదు. తిండి సయించలేదు. ఏడాది తిరిగి మళ్లీ మబ్బులు పట్టేసరికి, కథలు చెప్పే చిలక దగ్గరికి పరుగెత్తాడు.

"చిలక మామా, గరికమ్మ మళ్లీ నా దగ్గరికి రావాలంటే ఏం చెయ్యాలి?"

"ఓస్, ఇంతేనా! నా కథలన్నిట్లో ఉన్నదేగా. గొడవపడతారు, విడిపోతారు, వానలో కలుసుకుంటారు. అక్కడితో సరి," అన్నాడు చిలక మామ.

పసిడయ్య ముందు తుమ్మచెట్టు ఎదుట గొంతు చించుకుని పాడాడు.

"పాట బాగానే ఉంది. తర్వాత?" అంది గరికమ్మ.

తర్వాత ఒక మిణుగురు పురుగును పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వెలుగూ బాగానే ఉంది. తర్వాత?" అంది గరికమ్మ. మిణుగురు ఎగిరిపోయింది. దానికి వేరే పనులున్నాయి.

మూడోసారి జోరువానలో తల వంచుకుని నిలబడ్డాడు. "ఆ గుడ్లు నా వల్లే పోయాయి గరికా. నువ్వు లేకపోతే ఆ చెట్టు మీద ఉండలేకపోతున్నాను," అన్నాడు. ఇది చిలక నేర్పిన మాట కాదు. గరికమ్మ మనసు కరిగింది. అతను కొత్తగా అల్లిన గూటికి వచ్చేసింది.

చెట్టు చెట్టంతా ఈలలు! కాకులు కూడా కళ్లు తుడుచుకున్నాయి. "ఆహా, ఇదీ ఘట్టమంటే!" అని చిలక ఎగిరి గంతేశాడు. పిట్టలన్నీ తృప్తిగా గూళ్లకు పోయాయి.

మర్నాడు తెల్లారింది. కథల్లో తెల్లారదు గానీ, అడవిలో తెల్లారుతుంది.

"గుడ్లు పెట్టే వేళయింది. మన్ను తేవయ్యా," అంది గరికమ్మ.

పసిడయ్య తెల్లమొహం వేసుకుని చిలక దగ్గరికి వెళ్లాడు. "మామా, కలుసుకున్నాం. తర్వాత ఏం చెయ్యాలి?"

"తర్వాతా? ఆ భాగం నేను చెప్పను నాయనా. కొండెక్కేవాణ్ణి అందరూ చూస్తారు, దిగేవాణ్ణి ఎవరు చూస్తారు? వినేవాళ్లు ఆవులిస్తారు. నువ్వు ఇంకో గూడు మొదలుపెట్టు. మళ్లీ మొదటినుంచి చెప్పుకుందాం!"

పసిడయ్యకు ఆ సలహా తెగ నచ్చింది. గడ్డిపోచ కరుచుకుని పక్క మట్టకు ఎగిరాడు కూడా. అక్కణ్ణుంచి వాగు ఒడ్డున గరికమ్మ కనబడింది. గుడ్లతో బరువెక్కిన ఒంటితో, ముక్కు నిండా బురదతో, ఒక్కతే ఎగరలేక ఎగురుతోంది.

పసిడయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. పోచ వదిలేసి కిందికి దిగాడు.

"నువ్వు కూర్చో గరికా. నేను తెస్తాను."

"ఎవరైనా చెప్పి పంపారా, నీకే తోచిందా?"

"నాకే తోచింది."

"అయితే ఆ గట్టు దగ్గరి మన్ను తే. ఇక్కడిదంతా ఇసక."

పసిడయ్య మోశాడు. పసుపు ఈకలు మట్టికొట్టుకుపోయాయి. చూడ్డానికి ఒక్క పిట్టా రాలేదు. ఒక్క ఈలా పడలేదు. చిలక ఒకసారి తొంగిచూసి, ఆవులించి వెళ్లిపోయాడు. మీరూ ఆవులిస్తున్నారని నాకు తెలుసు. కాస్త ఓర్చుకోండి.

గుడ్లు పెట్టిన కొద్దిరోజులకే గాలివాన విరుచుకుపడింది. మట్టలు విరిగాయి. గూడు ఊగింది గానీ తిరగబడలేదు. పసిడయ్య మాత్రం భయం తీరక, గూటిని బయటినుంచి పట్టుకుని, తడుస్తూ వేలాడుతున్నాడు.

గరికమ్మ తల బయటపెట్టింది.

"ఎందుకయ్యా ఆ తడవడం? ఇప్పుడెవరూ చూడటం లేదులే. లోపలికి రా."

నీతి: విడిపోయినవాళ్లు మళ్లీ కలవడానికి ఒక మంచి ఘట్టం చాలు. కలిసి బతకడానికి మాత్రం మర్నాడు పొద్దున్నే లేచి పని చెయ్యాలి.