జెనిల్సన్ వీడ్కోలు మ్యాచ్

జెనిల్సన్ అనే ఆటగాడికి ఎవరూ వీడ్కోలు చెప్పలేదు. అదే అతని బాధ.

బ్రెజిల్‌లో పుట్టినవాడు, ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడుతూ పాసులిచ్చేవాడు. పదిహేడేళ్లకే ఊరు వదిలాడు. పోర్చుగల్‌లో ఆడాడు, ఉక్రెయిన్ చలిలో ఆడాడు, టర్కీ, ఖతార్, జపాన్ తిరిగాడు. చివర్లో మన దేశానికీ వచ్చి ఒక సీజన్ ఆడాడు. ఏ ఊళ్లో ఆడావంటే మాత్రం ఇప్పుడు తడుముకుంటాడు. ఒక క్లబ్బు పిలవడం, మోకాళ్లు నొక్కి చూడటం, సంతలో ఎద్దుని తోలుకెళ్లినట్టు తోలుకెళ్లడం, సీజన్ కాగానే ఇంకొకరికి అప్పజెప్పడం, ఇదీ అతని బతుకు. ఇందులో అతని తప్పెంతో నేను చెప్పలేను. పెట్టె సర్దుకోవడం మాత్రం బాగా నేర్చుకున్నాడు.

మోకాలు పూర్తిగా చెడ్డాక ఆట మానేశాడు. మానేసిన సంగతి ఏ క్లబ్బూ పట్టించుకోలేదు. ఒక పూలగుత్తి లేదు, ఒక ఫోన్ లేదు. కడుపు మండిపోయింది. ఆ మంటతోనే సొంత ఊరు చేరి, చిన్నప్పుడు తనకి ఆట నేర్పిన ఒలింపియో ఇంటికి వెళ్లాడు.

బ్రెజిల్‌లో కోచ్‌ని ‘ప్రొఫెసర్’ అని పిలుస్తారు. మన నోటికి ‘మాస్టారు’ అంటేనే బాగుంటుంది. ఒలింపియో మాస్టారు బాగా ముసలివాడయ్యాడు. గుమ్మంలో కూర్చుని బంతికి గాలి కొడుతున్నాడు.

“మాస్టారూ, నాకో వీడ్కోలు మ్యాచ్ పెట్టించండి,” అన్నాడు జెనిల్సన్. “మన గ్రౌండ్‌లోనే. ఇక్కడ కూడా జరక్కపోతే నేను ఇన్నేళ్లు ఆడింది ఎవరి కోసం?”

“అలాగే. నీతో ఆడినవాళ్లలో ఎవర్ని పిలుద్దాం?”

జెనిల్సన్ చెయ్యి విసిరాడు. “వాళ్లెవరూ రారు. అన్ని దేశాలు తిరిగాను, ఒక్కడికీ నేను గుర్తులేను. అసలు నన్ను ఇక్కణ్ణుంచి క్లబ్బువాళ్ల కారెక్కించి పంపింది మీరు. పంపకపోయినా బాగుండేది.”

మాస్టారు గాలి కొట్టడం ఆపాడు.

“అవును, నేనే ఎక్కించాను,” అన్నాడు. “సరే, ఊళ్లోవాళ్లతోనే ఆడదాం. ఆదివారం పొద్దున రా.”

“జెర్సీలు నేను తెస్తాను మాస్టారూ. ఆడిన ప్రతి క్లబ్బువీ దాచుకున్నాను. మ్యాచ్ అయ్యాక వాటిని మన క్లబ్బు గదిలో గోడకి పెట్టించాలి.”

మాస్టారు తల ఊపాడు.

ఆదివారం ఊరు ఊరంతా గ్రౌండ్ దగ్గరే ఉంది. రేకుల పందిరి కింద ఆడవాళ్లు కాఫీ కాస్తున్నారు. ఒకప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లంతా పొట్టలు లోపలికి పీల్చుకుంటూ వచ్చారు. ఒక్కొక్కరూ జెనిల్సన్‌కి చెయ్యి కలిపారు, కొందరు కావలించుకున్నారు. “ఏం తమ్ముడూ, బాగున్నావా?” అన్నాడు అతను అందరితోనూ. కళ్లు మాత్రం ఎంతమంది చూడ్డానికి వచ్చారా అని గట్టు మీదే ఉన్నాయి.

ఆ గ్రౌండ్‌కి ఒక పద్ధతి ఉంది. ఎర్రమట్టి నేల, పేదపిల్లల ఆట. జట్టుకో రంగు జెర్సీలు ఎవరు కొనిస్తారు? అందుకని ఎవరు ఏ చొక్కాతో వస్తే ఆ చొక్కాతోనే దిగుతారు. మనవాడెవడో అవతలివాడెవడో ముఖం చూసి, నడక చూసి పోల్చుకోవాలి. అలా పోల్చుకోవడం వచ్చాకే మాస్టారు పాస్ ఇవ్వడం నేర్పేవాడు. జెనిల్సన్ కూడా అలా నేర్చుకున్నవాడే.

మాస్టారు అందర్నీ రెండు జట్లుగా విడదీసి నిలబెట్టాడు. జెనిల్సన్ పెట్టె తెరిచాడు. ఎర్రవీ తెల్లవీ ఒక జట్టుకి, మిగతావి ఇంకో జట్టుకి అని ముందే అనుకుని వచ్చాడు. మాస్టారు అతన్ని పక్కకి జరగమని, చేతికందిన జెర్సీ తీసి, ఎదురుగా ఉన్న మనిషికిచ్చాడు. తరవాతది తరవాతి మనిషికి. రెండు జట్లలోనూ అన్ని రంగులూ కలిసిపోయాయి.

“ఇదేంటి మాస్టారూ! నా జట్టు ఏదో నాకెలా తెలుస్తుంది?”

“నీ జట్టువాళ్లు నీ పక్కనే నిలబడ్డారు కదా. ఇందాక నీకు చెయ్యి కూడా కలిపారు, ముఖాలు చూసుకో,” అని మాస్టారు విజిల్ వేశాడు.

మోకాలు చెడ్డా జెనిల్సన్ కాళ్లలో పనితనం ఎక్కడికీ పోలేదు. బంతి వస్తే చెప్పినట్టు వింటుంది. మొదటి పాస్ ఎంత నిఖార్సుగా ఇచ్చాడంటే గట్టు మీదవాళ్లు ఈల వేశారు. కాకపోతే అది అవతలి జట్టువాడికిచ్చాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. రెండోదీ అవతలివాడికే వెళ్లింది. అప్పుడు నవ్వింది కొందరే. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం జెనిల్సన్‌కి అవమానంగా ఉంది. “ఎర్ర జెర్సీ, ఇటు! నీలం జెర్సీ, నీకు కళ్లు లేవా?” అని అరవడం మొదలుపెట్టాడు.

ఎడమ పక్కన పసుపు జెర్సీ వేసుకున్న మనిషి ఒకడు మొదట్నుంచీ ఖాళీ చూసుకుని పరిగెడుతున్నాడు. బట్టతల, ఆయాసం. పేరు తార్సీజియో. చిన్నప్పుడు ఈ ఇద్దరికీ కలిపి ఒకటే జత బూట్లు ఉండేవి. జెనిల్సన్‌ది కుడికాలి ఆట కనక కుడి బూటు అతను తొడిగేవాడు, ఎడమ బూటు తార్సీజియో తొడిగేవాడు. రెండో కాలు ఇద్దరికీ ఉత్తదే. ఆ ఒక్కో బూటుతోనే ఇద్దరూ చుట్టుపక్కల ఊళ్లన్నీ గెలిచారు.

“జెనీ!” అని చెయ్యెత్తాడు తార్సీజియో. గోల్ ముందు అంతా ఖాళీ.

“ఏయ్ పసుపు జెర్సీ, ముందుకి!” అని అరిచాడు జెనిల్సన్.

ఇంకో పసుపు జెర్సీ కుడి పక్కన కదిలింది. బంతి అటు కొట్టాడు. వాడు అవతలి జట్టువాడు. తార్సీజియో ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు.

మాస్టారు విజిల్ వేసి, మైదానం మధ్యకి నడిచి వచ్చాడు. వంగలేక వంగి బంతి చేతిలోకి తీసుకున్నాడు.

“ఇలా కుదరదు మాస్టారూ,” అన్నాడు జెనిల్సన్. “ఒక జట్టు చేత జెర్సీలు విప్పించండి. అప్పుడు చూపిస్తాను నా ఆట.”

మాస్టారు తార్సీజియో వైపు చూపించాడు. “అతన్ని పేరు పెట్టి పిలువు. బంతి ఇస్తాను.”

జెనిల్సన్ చూశాడు. ఆ ముఖం తెలిసిన ముఖమే. ఎక్కడో బాగా తెలిసిన ముఖం. కానీ ఎన్ని క్లబ్బుల గదుల్లో ఎంతమందితో కలిసి బట్టలు మార్చుకున్నాడో, ఆ ముఖాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఇతని పేరు ఎటో పోయింది. గట్టు మీద అందరూ ఎదురుచూస్తున్నారు.

“తమ్ముడూ…” అన్నాడు చివరికి.

“నేను నీకంటే పెద్దవాణ్ణి, జెనీ,” అన్నాడు తార్సీజియో.

గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా జెనిల్సన్ తట్టుకునేవాడేమో. తార్సీజియో పసుపు జెర్సీ విప్పి, మడిచి, జెనిల్సన్ చేతికిచ్చి గట్టు వైపు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

“ఆపకండి మాస్టారూ,” జెనిల్సన్ బతిమాలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇది నా వీడ్కోలు మ్యాచ్. ఇది కూడా లేకపోతే నాకింక ఏదీ లేదు.”

మాస్టారు బంతి చంకలో పెట్టుకున్నాడు.

“వీడ్కోలు తెలిసినవాళ్లకి చెప్తారు, నాయనా,” అన్నాడు.