నూట ఇరవై మెట్ల వైద్యం

వెనకటికి ఒక రాజుగారు, కాళ్లు పనిచేయనివాళ్లకు నెలకో బస్తా బియ్యం ఇవ్వమని ఆజ్ఞాపించారు. అర్జీలు చూసే అధికారి విరూపాక్షయ్య కచేరీ మాత్రం కొండ మీద, నూట ఇరవై మెట్ల పైన ఉండేది.

తాటిచెట్టు మీంచి పడి కాళ్లు పోయిన నూకయ్య, కూర్చునే ఒక్కో మెట్టూ జరుగుతూ పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి పైకి చేరాడు. అప్పటికి పంచె వెనకవైపు జల్లెడయింది.

"ఇన్ని మెట్లెక్కావంటే నీ కాళ్లు బాగున్నట్టే. బియ్యం లేదు, పో" అన్నాడు విరూపాక్షయ్య.

"ఎక్కలేనివాళ్లకు ఇస్తారా బాబయ్యా?"

"స్వయంగా రానివాడికి ఎలా ఇస్తాం?"

ఇంట్లో గింజ లేదు. నూకయ్యకు ఒళ్లు మండినా చేతులు జోడించాడు. "అయితే కింద నడవలేనివాణ్ణి, మెట్లెక్కగానే బాగైపోయానని రాసి ముద్ర వేసివ్వండి."

పీడ వదిలిపోతుంది కదా అని అధికారి రాసిచ్చి, "ఇదెందుకురా?" అన్నాడు.

"రాజమాతకు పన్నెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు కదండీ. ఇది చూస్తే రాజుగారు రేపే ఆమెను తెచ్చి ఈ మెట్లన్నీ ఎక్కిస్తారు. నయం కాకపోతే అడగడానికి మీ ముద్ర ఉంది."

విరూపాక్షయ్య కాగితం లాక్కోబోయాడు. నూకయ్య దాన్ని తన కింద పెట్టుకుని కూర్చున్నాడు. బియ్యం మంజూరు చేసేదాకా అంగుళం జరగలేదు.

ఇంకెవరైనా ఎక్కివచ్చి అలాంటి కాగితమే అడుగుతారన్న భయంతో, వారం తిరక్కుండా విరూపాక్షయ్య తన బల్ల తానే నెత్తిన పెట్టుకుని కచేరీని కొండ కిందికి దించాడు.