నాంచారమ్మ కట్టించిన కుట్టునావ

అనగనగా ఒక పెద్ద సరస్సు. ఆ సరస్సు నడుమ ఒక లంక. ఆ లంకలో నాంచారమ్మ అని ఒక కోడలు ఉండేది తల్లీ.

ఆ ఊళ్ళో అందరికీ తాటిదోనెలే. ఇద్దరెక్కితే మూడోవాడు నీళ్ళలోనే! వరదొస్తే మనుషులు ఎలాగో బయటపడేవాళ్ళు. గొడ్లు పాపం కొట్టుకుపోయేవి. ఒక ఏడు నాంచారమ్మ చూడిగేదె అలాగే పోయింది.

"మా తాతల నాడు మందనంతా ఎక్కించే చెక్కనావలుండేవట" అంది అత్త పేరంటాలమ్మ.

"ఎలా కట్టేవాళ్ళత్తా?"

"ఏమోనే, ఆ విద్య వాళ్ళతోనే పోయింది."

నాంచారమ్మ ఊరుకుందా? రేవు పక్క బురదలో కూరుకుపోయిన పాత నావ ముక్కను తవ్వి తీసింది. చూస్తే ఒక్క మేకు లేదు! పలకలకి బెజ్జాలు పెట్టి, కొబ్బరితాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేశారు. ఆ తర్వాత సందుల్లో నల్లగా గడ్డకట్టినదాన్ని గీకి నిప్పుమీద వేసింది. గుప్పుమని గుగ్గిలం వాసన! "ఇలాంటి నావే మనమూ కట్టిద్దాం" అంది.

"అంతా బానే ఉంది. అంత బరువు నావని నీళ్ళలోకి ఎవరు లాగుతారే? మనకేం ఏనుగులున్నాయా?" అన్నాడు మొగుడు సైదులు. నాంచారమ్మ ఆ ముక్కని చూరుకింద దాచిపెట్టింది.

ఎండాకాలం వచ్చింది. సరస్సు సగం ఎండి, నేల నెర్రెలు విచ్చింది. అప్పుడు, ఒడ్డుకి బాగా దూరాన, ఎండిన సరస్సు అడుగున వరసగా పాతిన పాత దుంగలు కనిపించాయి. నావ కట్టేటప్పుడు దాన్ని నిలబెట్టే దుంగలు! ఇక్కడెందుకున్నాయబ్బా అనుకుంది. అనుకుని, పకపకా నవ్వింది.

"నావని లాగడమెందుకయ్యా? నీళ్ళే దాని దగ్గరికి వస్తాయిగా!"

అప్పుడు వడ్రంగిని పిలిచి ఆ ఎండిన నేలమీదే పని మొదలెట్టించింది. ఊళ్ళో అందరూ నవ్వారు. కుట్టడం అయిందో లేదో, ఎగువన వానలు పడి నీళ్ళు ముందే పాకి వచ్చేస్తున్నాయి. నీళ్ళు కారకుండా సందులకి గుగ్గిలం ఇంకా పూయనేలేదు!

"అత్తా, రా! అందరూ రండి!" అని కేకేసింది నాంచారమ్మ.

నవ్వినవాళ్ళే పరుగెత్తుకొచ్చారు. కొందరు సందుల్లో పీచు కూరారు, కొందరు నూనెలో గుగ్గిలం కాచారు, కొందరు గబగబా పూశారు. ఆ తర్వాత నీళ్ళొచ్చి దుంగల్ని తాకాయి. నావ కిర్రుమంది. కదిలింది. ఎవరూ తొయ్యకుండానే మెల్లగా పైకి లేచింది!

ఆ ఏడు వరదకి గొడ్లన్నీ నావెక్కాయి. ఒక్క దూడైనా పోలేదు. అన్నిటినీ మెరకకి చేర్చాక, పేరంటాలమ్మ మాత్రం దిగలేదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఇంకాస్త దూరం తిప్పవే కోడలా, చూసొద్దాం" అంది.

కథ కంచి చేరింది,
నావ దరి చేరింది,
మా చిట్టితల్లి కంటికి నిద్ర చేరింది.