కేతకీదేవి కథలోకి చొరబడిన గంధర్వుడు

పూర్వం ద్వాపరయుగారంభంలో, వేత్రకీ నదీతీరాన వెలసిన కుముదపురాన్ని రాజధానిగా చేసుకుని, దానధర్మపరుడూ, శత్రుభయంకరుడూ, అయినా పురోహితుల మాటంటే మాత్రం లోలోపల వణికేవాడూ అయిన శుభ్రకీర్తి మహారాజు ప్రజలను కన్నబిడ్డల్లా పాలిస్తూ ఉండేవాడు. ఆయనకు కేతకీదేవి అనే చెల్లెలు ఉండేది. సకలశాస్త్రాలూ చదివి, వీణావాదనలో సాటిలేనిదై, ముప్పయ్యో ఏడు నడుస్తున్నా స్వయంవర మండపంలో ఏ రాజు మెడలోనూ దండ వెయ్యకుండా తిరిగివచ్చిన మానవతి ఆమె. ఎందుకు వెయ్యలేదని అడిగితే "నచ్చలేదు" అని ఊరుకునేది. ఆ మాట వెనక ఏదో గొప్ప కారణం ఉండితీరాలని ఆస్థాన విద్వాంసులు తలలు బద్దలు కొట్టుకున్నారు గానీ, నచ్చకపోవడమే కారణమని ఒక్కరికీ తోచలేదు.

ఆ నగరంలో ప్రతి వసంతాన స్త్రీలు రతీదేవి వ్రతం చేసేవారు. హరుని కంటిమంటలో మన్మథుడు భస్మమై అనంగుడైనప్పుడు, శరీరం లేని భర్తను మనసులోనే నిలుపుకుని కాపురం చేసిన ఆ తల్లి పేరిట పూజ ముగించి, ఆడవాళ్ళంతా తలుపులు మూసుకుని కూర్చునేవారు. అప్పుడొకరు చేత అక్షతలు పట్టుకుని తన మనసుకు తోచిన వలపు కథ చెప్పాలి, తక్కినవారు ఊఁ కొట్టాలి. ఊఁ వినపడితేనే కథ ముందుకు సాగాలి, లేకుంటే అక్కడే ఆగాలి. అది ఆ వ్రతానికి నియమం. చివర ఒకరి తలపై ఒకరు అక్షతలు చల్లుకుని, విన్నదంతా ఆ గదిలోనే వదిలేసి నవ్వుకుంటూ లేచేవారు. ఇటువంటి వ్రతం కూడా ఉందా అని కనుబొమలు ముడిచే పెద్దలకు నా మనవి ఒక్కటే: ఉంది, మీ ఇంటి ఆడవాళ్ళు మీకు చెప్పలేదంతే.

ఆ యేడు చెప్పే వంతు కేతకీదేవిది. ఇక్కడికి రాగానే కొందరు పౌరాణికులు గొంతు సవరించుకుని, మంచినీళ్ళు తాగి, కథను రాజసభలోకి దూకిస్తారు. నేనలా దూకించను. ఆమె చెప్పిన కథలో సిగ్గుపడవలసినదేమీ నాకు కనపడలేదు.

"అనగా అనగా ఒక రాణి," అని మొదలుపెట్టింది కేతకి. "శాపవశాన ఏళ్ళతరబడి నిద్రపోతోంది. మేడంతా మాధవీలతలు కమ్ముకున్నాయి. ఒకనాడు పేరూ ఊరూ తెలియని గంధర్వుడొకడు ఆ తీగలు తప్పించుకుని లోపలికి వచ్చాడు. ఎవరినీ అడగలేదు. పాన్పు అంచున కూర్చుని, ఆమె కాలి అందె విప్పాడు. అందె తీసినచోట చెయ్యి అలాగే ఉంచాడు."

"ఊఁ," అన్నారు అందరూ, కాస్త ఆలస్యంగా.

"రాణికి సగం మెలకువ వచ్చింది. 'వదులు' అంది. అతను నవ్వాడు, వదల్లేదు."

ఈసారి కేతకి చిన్ననాటి చెలికత్తె చంపక నోటినుంచి ఊఁ రాలేదు. కేతకి వెంటనే కథ ఆపి చెలికత్తె ముఖంలోకి చూసింది.

"ఏమే, భయమేసిందా? వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

"అయ్యో, ఆపకండమ్మా! ఊపిరి తిరగలేదంతే. కానివ్వండి, ఊఁ," అంది చంపక. అందరూ విరగబడి నవ్వారు. కథ చివరిదాకా సాగింది, అక్షతలు తలలపై పడ్డాయి.

ఆ సమయాన మధుస్వనుడనే గంధర్వుడు ఆకాశమార్గాన పోతూ ఉన్నాడు. ఒక్కసారి చెవినబడిన గీతాన్ని ఒక్క అక్షరమైనా, ఒక్క విరామమైనా జారవిడవక తిరిగి పాడగలవాడని ఇంద్రసభలో అతనికి పెద్ద పేరు. మేడపై నిలిచి ఆ కథనంతా విన్నాడు, విని పొంగిపోయాడు. దేవలోకపు ఆచారంలో చేత అక్షతలు పట్టి ఎవరిని వర్ణిస్తే వారిని ఆవాహన చేసినట్టే. ఈ మానవకాంత అక్షతలు పట్టి గంధర్వుణ్ణి వర్ణించింది, విన్న గంధర్వుణ్ణి నేనే, కాబట్టి పిలుపు నాకే అని తేల్చుకున్నాడు. మనసుకు నచ్చిన తీర్పు ఎంత తొందరగా దొరుకుతుందో చూశారా!

మరునాటి మధ్యాహ్నం కేతకి లతాగృహంలో కునుకు తీస్తూ ఉండగా, దివ్యగంధాలు పూసుకుని, పారిజాతమాల ధరించి వచ్చిన మధుస్వనుడు ఆమె కాళ్ళదగ్గర కూర్చుని అందె విప్పాడు. ఆమె ఉలిక్కిపడి లేచింది.

"ఎవరు నువ్వు? వదులు!"

"నీ రాణి కూడా సరిగ్గా ఇదే మాట అంది సుందరీ," అని నవ్వుతూ అతను పట్టు బిగించాడు.

అతని అందంలో లోపమేమీ లేదు, ఆమె ఊహించుకున్న వాడికంటే అందగాడు. అయినా ఆ క్షణాన కేతకీదేవికి కలిగింది భయమొక్కటే. కాలు విదిల్చుకుని, గొంతు చించుకుని అరిచింది. శూలాలు పట్టుకుని అంతఃపురరక్షికలు పరుగున వచ్చేసరికి అతను చెయ్యి తీశాడు. తీసి, తనకేదో పరాభవం జరిగినట్టు ముఖం పెట్టుకుని నేరుగా రాజసభకు నడిచాడు. కేతకీదేవి కూడా చెలికత్తెలతో వెనకే వచ్చి కూర్చుంది.

"రాజా! నీ సోదరి నన్ను ఆవాహన చేసింది. పిలిచిన దేవతను ఉత్తచేతులతో పంపడం మహాపాతకం. ఆమెను నాకు అర్పించు, లేదా నా శాపం స్వీకరించు. నీ రాజ్యంలో ఇక వీణ పలకదు, కోకిల కూయదు, తల్లి నోట జోలపాట రాదు!"

శుభ్రకీర్తి సలహా కోసం పురోహితుల వైపు తిరిగాడు. పురోహితుడైన భూరిశ్రుతుడు శాస్త్రాలన్నీ తిరగేసి, "ప్రభూ, అక్షతలు చేతనుంచుకుని పలికినది సంకల్పమే అవుతుంది. రాకుమార్తె ఆయన వెంట వెళ్ళడమే ధర్మం. ఇకమీదట ఈ కథల వ్రతాన్ని కూడా నిషేధించడం క్షేమకరం," అన్నాడు. రాజు పురోహితుడి వైపే చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలి వైపు చూడలేదు.

అప్పుడు కేతకీదేవి తానే లేచి సభామధ్యానికి వచ్చింది.

"అన్నా, నేనా కథ చెప్పలేదని బొంకను. చెప్పాను, ఇష్టపడే చెప్పాను. గంధర్వోత్తమా, ఆ కథలో నిద్రపోయినదీ నేనే, వచ్చినవాడూ నేనే. నేను కదలమంటే అతను కదిలాడు, వద్దనుకుంటే మాయమయ్యేవాడు. రాణి 'వదులు' అన్నప్పుడు అతను వదలకూడదని కోరుకున్నదీ నేనే. ఇందాక నీతో 'వదులు' అన్నప్పుడు నువ్వు వదలాలని కోరుకున్నాను. నా ఊహలో నేను ఏలికను. నీ చేతిలో కాను."

"మాట ఒక్కటే అయినప్పుడు తేడా నాకెలా తెలుస్తుంది?" అన్నాడు మధుస్వనుడు. నిజంగానే తెలియక అడిగాడు. నాకు అతనిపై కోపం వచ్చేదీ అక్కడే, జాలి కలిగేదీ అక్కడే.

"ఈ వ్రతం ఎవరిదో ఆ తల్లే చెప్పాలి," అని కేతకి చేతులు జోడించి కన్నులు మూసుకుంది. చైత్రపవనం వీచింది. చేత చెరకువిల్లు పట్టుకుని, పక్కన తనకొక్కతెకే కనపడే భర్తతో, త్రిలోకసుందరి అయిన రతీదేవి సభలో సాక్షాత్కరించింది. అందరూ సాష్టాంగపడ్డారు.

"నాయనా మధుస్వనా," అన్నది ఆ దేవి చల్లగా. "విన్నది విన్నట్టు అప్పజెప్పగలవని పేరున్నవాడివి. ఆ కథ ఒకసారి వినిపించు. ఒక్క పొల్లు కూడా పోకూడదు."

గంధర్వుడు ఉత్సాహంగా అందుకున్నాడు. కేతకి గొంతులోని ఒదుగులూ, చెలుల ఊఁలూ, గాజుల చప్పుళ్ళూ అన్నీ అతని కంఠాన పలికాయి. 'అతను నవ్వాడు, వదల్లేదు' అనే చోటికి వచ్చాడు. అక్కడ ఆగాడు. ఆగక తప్పదు, కథ అక్కడ ఆగింది. ఆ విరామాన్ని మింగేస్తే అతని విద్యకే కళంకం. ఆ తరవాత అతని నోటనే కేతకి మాట వెలువడింది: "ఏమే, భయమేసిందా? వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

ఆ మాట పలికి మధుస్వనుడు మరి పలకలేకపోయాడు. పాట మధ్యలో ఆగిపోవడం అతని జీవితంలో అదే మొదలు.

"నేను ఊఁ అనకపోతేనే ఆగిపోయిందయ్యా మా అమ్మ," అంది మూలనున్న చంపక, ఉండబట్టలేక. "ఒట్టి కథకే అంత చూసుకుంది. తమరు ఆవిడ వదలమని అరిచినా వినిపించుకోకపోతిరి!"

రతీదేవి తల ఊపింది. "శరీరం లేని నా స్వామి ఎవరి మనసులోకైనా అడగకుండా వెళతాడు, ఎవరికీ గాయం కాదు. శరీరమున్నవాడు అడగాలి. భూరిశ్రుతా, ఆ మాట నీ శాస్త్రాల్లో కనపడకపోతే ఇవాళ చేర్చుకో. నా వ్రతం జోలికి మాత్రం రాకు. అమ్మా కేతకీ, వరం కోరుకో."

కేతకీదేవి దేవి దగ్గరికి నడిచింది. "తల్లీ, ఇందాకటినుంచి ఆ కథ తలుచుకోలేకపోతున్నాను. పేరూ ముఖమూ లేనివాడు రావలసిన చోట ఇతని ముఖం వస్తోంది. భయమేస్తోంది. నేను కల్పించుకున్నది నాకు తిరిగి ఇప్పించు."

అంతవరకూ చెల్లెలు క్షేమంగా బయటపడిందనుకుంటున్న శుభ్రకీర్తికి అప్పుడు గాని ఏం పోయిందో తెలియలేదు. సింహాసనం దిగివచ్చి, "నీ వైపు చూడవలసినవాణ్ణి పురోహితుడి వైపు చూశానమ్మా. నన్ను క్షమించు," అని కన్నీరు పెట్టుకున్నాడు. ఆమె అన్న చెయ్యి పట్టుకుంది.

"ఇవ్వగలను," అన్నది రతీదేవి. "కానీ ఆమె మనసులోంచి ఇతని ముఖం తుడిస్తే, ఇతని మనసులోంచి ఆమె కథ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. విన్నది మరవనివాడనే కీర్తి నీకిక ఉండదు మధుస్వనా."

గంధర్వుడికి అంతకంటే పెద్ద నష్టం లేదు. అయినా అతను అడ్డు చెప్పక కేతకి వైపు తిరిగి, దూరంగానే నిలబడి అడిగాడు. "దేవీ, అదంతా మరిచిపోతే నేను చేసిన తప్పు కూడా మరిచిపోతానేమో. తేలికగా తప్పించుకున్నవాణ్ణవుతాను. అది నీకు సమ్మతమేనా?"

కేతకీదేవి అతన్ని తొలిసారి భయం లేకుండా చూసింది. "నా కథ మరిచిపో. తప్పు నీ దగ్గరే ఉండనీ," అంది.

"తథాస్తు," అన్నది రతీదేవి.

ఆనాటినుంచి కుముదపురంలో వీణలు యథాప్రకారం పలికాయి. వ్రతకాలపు అక్షతలకు ఆవాహనశక్తి లేదని దేవలోకంలో చాటింపు వేశారు. మరుసటి వసంతాన అందరూ మొహమాటపడుతూ వేరే కథ అడగబోతే, కేతకీదేవి తానే ఆ రాణి కథ ఎత్తుకుంది. తీగలు తప్పించుకుని వచ్చినవాడి ముఖం ఎంత వెతికినా ఆమెకు కనపడలేదు. ఆ సంతోషం పట్టలేక కథ మధ్యలోనే నవ్వేసింది.

ఈ ఆఖ్యానం విన్నవారికి కలిగే ఫలమేమిటని అడుగుతారు. సంపదలూ సంతానమూ కలుగుతాయని నేను చెప్పలేను. మధుస్వనుడికి కలిగిన ఫలం చెబుతాను. ఇంద్రసభలో తోటి గంధర్వులు అతని చుట్టూ చేరి, అంత విద్వాంసుడివి, భూలోకంలో ఆ పని ఎందుకు చేశావని అడిగారు. తనను పిలిచారని చెప్పబోయాడు, ఎవరు పిలిచారో గుర్తుకు రాలేదు. ఏదో మధురమైన కథ విన్నానని చెప్పబోయాడు, ఆ కథా గుర్తుకు రాలేదు. వెతికి వెతికి చివరికి మిగిలింది చెప్పాడు.

"ఆమె వదలమంది. నేను వదల్లేదు."