గుబురయ్య తవ్విన చెలమ

ఏడుగుండ్ల కొండ కింద ఒక చిన్న అడవి ఉండేది. రేగు, కలివి, ఈత, నేరేడు ఆ అడవి నిండా ఉండేవి. జింకలు, కుందేళ్ళు, అడవికోళ్ళు, ఒక కొండముచ్చుల గుంపు అక్కడ కాపురం ఉండేవి. వాటన్నిటికీ పెద్దదిక్కు గుబురయ్య అనే ఎలుగుబంటి.

ఎందుకంటే, ఎండాకాలంలో వాగు ఎండిపోగానే ఇసుకలో చెలమ తవ్వేది అతనే. అంత పొడుగు గోళ్ళు ఇంకెవరికున్నాయి? లోతుగా తవ్వితే అడుగున తేటనీళ్ళు ఊరేవి. తవ్వినవాడు మొదటి గుక్క తాగాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు. అది ఆ అడవి ఆచారం.

ఒక చలికాలం అడవి అంచున మనుషులు బెల్లం వండే పాక వేశారు. రసం కాగేటప్పుడు పైకి తేలే తెట్టును తీసి ఒక గుంటలో పారబోసేవారు. వాళ్ళు అన్నాలకు వెళ్ళిన వేళ చూసి గుబురయ్య ఆ గుంటలో మూతి పెట్టాడు. ఇక అంతే! ఆ రోజు నుంచి తిండి అక్కడే, కునుకు అక్కడే.

తోకవ్వ అనే ముసలి కొండముచ్చు వెతుక్కుంటూ వచ్చింది.

"నాయనా, రేగుపండ్లన్నీ రాలిపోతున్నాయి. ఈ ఏడు నువ్వు పొదల వైపే రాలేదేం?"

"ఒక్కో పండు కోసం ముళ్ళలో గీరించుకు తిరగడానికి నేనేమన్నా పిట్టనా అవ్వా? చూడు, నా ఒళ్ళు ఎలా నిగనిగలాడుతోందో!"

"నిగనిగలాడేది బొచ్చు నాయనా. లోపల గుండె ఒకటుంది. దాన్ని కూడా ఓసారి పలకరించు."

గుబురయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఎండలు వచ్చాయి. వాగు ఎండింది. అందరూ ఇసుకలో గుమిగూడారు. గుబురయ్య ఠీవిగా వచ్చి తవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు పట్లు ఇసుక తీశాడో లేదో, ఆయాసం వచ్చింది. కళ్ళు తిరిగాయి. ఇసుక మీద కూలబడ్డాడు.

"మామా, నీళ్ళేవీ?" అంది కుందేలమ్మ బిడ్డ.

గుబురయ్య గోళ్ళకంటిన ఇసుక దులుపుకుని పక్కకు జరిగాడు.

మర్నాటి నుంచి నీళ్ళ కోసం అందరూ కొండ అవతల మడుగుకు పోవలసి వచ్చింది. ఆ మడుగు దగ్గర చిరుతపులి కాచుకుని ఉంటుంది. మొదటి రోజే కుందేలమ్మ చెవి కొస పోగొట్టుకుని వచ్చింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు.

తోకవ్వ గుబురయ్య రొమ్ముకు చెవి ఆనించి విన్నది. "డప్పు కొట్టినట్టుంది నాయనా! ఆ తెట్టు మానెయ్యి. రోజూ పొద్దున్నే నాతో పొదల్లోకి రా. దొరికిన పండ్లు తిను."

"పండ్లేగా! అదెంత పని?"

గుబురయ్య ఏ పొదకూ వెళ్ళలేదు, ఏ చెట్టూ ఎక్కలేదు. గెంతులయ్య అనే కోతిని పిలిచి కలివిపండ్లు కుప్పగా తెప్పించుకున్నాడు. ఆ కుప్పను బెల్లపు గుంట దగ్గరే పోయించుకుని, ఒక్కో పండునూ తెట్టులో ముంచి తిన్నాడు.

"ఇదేం వైద్యం బావా?" అన్నాడు గెంతులయ్య.

"పులుపు విరగొద్దూ!"

నాలుగో రోజు అందరినీ పిలిచాడు. "రండర్రా, ఇవాళ నీళ్ళు తాగిస్తా!" అన్నాడు. ఈసారి మూడో పట్టుకే పడిపోయాడు.

తేరుకుని కళ్ళు తెరిచేసరికి ఇసుక గీకుతున్న చప్పుడు వినిపించింది. తోకవ్వ తవ్వుతోంది. పుల్లల్లాంటి ఆ వేళ్ళ నుంచి నెత్తురు కారుతోంది.

"అయ్యో, నువ్వెందుకవ్వా?"

"బిడ్డలకు దాహం కదా నాయనా. నీ ఒళ్ళు బాగయ్యేదాకా నా చేతనైనంత."

గుబురయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి తోకవ్వ ఉన్న చెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి బెల్లపు గుంట వైపు పోలేదు. పొద నుంచి పొదకు ఆగుతూ, ఆయాసపడుతూ నడిచాడు. ముళ్ళు గీరాయి. పులుపుకు పళ్ళు పులిశాయి. ఈతపండ్ల దగ్గరైతే విసుగే వచ్చింది.

"ఇంత గింజ పెట్టి ఇంతే కండ పెట్టాడేమవ్వా దేవుడు?"

"నీలాంటివాళ్ళు నెమ్మదిగా తింటారని పెట్టాడు, తండ్రీ."

తిరిగి వచ్చేటప్పుడు రోజూ వాగులో ఆగి, ఊపిరి ఆడినంత మేర తవ్వేవాడు. మొదట మూడు పట్లు. తర్వాత ఐదు. ఒక్కోరోజు నాలుగే. తోకవ్వ పక్కన కూర్చుని "చాలు నాయనా, మిగతాది రేపు" అనేది. పొట్ట తగ్గింది. రొమ్ములో డప్పు మెల్లమెల్లగా నెమ్మదించింది.

నేరేడుకాయలు రంగు తిరుగుతున్న రోజుల్లో, ఒక ఉదయం అతని గోళ్ళకు తడి తగిలింది. చూస్తుండగానే చెలమ అడుగున నీళ్ళు ఊరాయి. అందరూ పరుగున వచ్చారు.

గుబురయ్యకు ఆశ్చర్యం. "అవ్వా, నన్ను బాగుచేసింది పండ్లా, నడకా, తెట్టు మానడమా? ఏదో ఒకటి చెప్పు."

తోకవ్వ నవ్వింది. "బెల్లపు పాకలో మూడు రాళ్ళ పొయ్యి చూశావుగా? ఏ రాయి పెనాన్ని మోసిందంటే ఏం చెబుతాం?"

మొదటి గుక్క కోసం అందరూ గుబురయ్య వైపు చూశారు. అతను పక్కకు జరిగాడు.

"ముందు నువ్వు తాగవ్వా."

"తవ్వింది నువ్వు కదయ్యా!"

"నేను పడిపోయి ఉన్నప్పుడు తవ్వింది నువ్వు."

తోకవ్వ కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంది. ఒక్క గుక్క తాగి, చెవి తెగిన కుందేలమ్మను ముందుకు పిలిచింది. కుందేలమ్మ బిడ్డ తల్లి కంటే ముందే మూతి పెట్టింది. ఆ వేసవిలో మళ్ళీ ఎవరూ మడుగు వైపు వెళ్ళలేదు.

నీతి: పండు మంత్రం కాదు, చేటు చేసే తిండి మాని, ఒళ్ళు వంచి, రోజూ కొంచెం కొంచెంగా తిన్నవాడి గుండెకే అది తోడు.